కంటి ఫొటో చూసి జబ్బు చెప్పే కంప్యూటర్.. దివిసీమకు వస్తే సరిపోతుందా?

షుగర్ ఉన్నవాళ్ల కంటి లోపలి పొరను ఫొటో తీసి ఇస్తే, జబ్బు మొదలైందో లేదో కంప్యూటరే చెప్పేస్తోంది. ఇది నిన్నటి వింత కాదు. 2016లో గూగుల్ పరిశోధకులు సుమారు 1,28,000 కంటి ఫొటోలు చూపించి ఇలాంటి ప్రోగ్రామ్‌కు తర్ఫీదు ఇచ్చారు. వాటిలో అరవింద్, శంకర నేత్రాలయ వంటి మన దేశపు ఆస్పత్రుల ఫొటోలూ ఉన్నాయి. అదే ఏడాది హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి మైక్రోసాఫ్ట్‌తో చేయి కలిపింది. 2018లో అమెరికా ప్రభుత్వం, కంటి డాక్టర్ చూడకుండానే ఫలితం చెప్పే ఒక మెషీన్‌కు అనుమతి ఇచ్చేసింది.

మనకు దీనితో పనేంటి అంటారా? షుగర్ వల్ల రెటీనా పాడవుతున్నా మొదట్లో నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ముందే పట్టుకుంటే లేజర్‌తోనో ఇంజెక్షన్లతోనో చాలావరకు ఆపవచ్చు. అందుకే ఏడాదికోసారి కళ్లు చూపించుకోమంటారు డాక్టర్లు. కానీ మన ఇళ్లలో అమ్మీలు ఏమంటారు? "బాగానే కనిపిస్తోంది కదా బేటా, ఎందుకు ఖర్చు?" నాగాయలంక నుంచి విజయవాడ వెళ్లి రావాలంటే ఒక రోజు పని పోతుంది, వెంట ఇంకొకరు ఉండాలి. ఆ మనిషి కూలీ కూడా పోతుంది.

అవనిగడ్డ, గుడివాడ సర్కారీ ఆస్పత్రుల్లోనే ఫొటో తీస్తే ఈ కష్టం తీరుతుందన్న ఆశ తప్పు కాదు. అయితే థాయిలాండ్‌లో ఏం జరిగిందో చూడాలి. అక్కడ 11 క్లినిక్‌లలో గూగుల్ ప్రోగ్రామ్‌ను వాడి చూశారు. 2020లో బయటికొచ్చిన లెక్క ప్రకారం మొదటి ఆరు నెలల్లో 1,838 ఫొటోలు పెడితే, అందులో 21 శాతం బాగా లేవని కంప్యూటర్ తీసుకోనేలేదు. గదిలో చీకటి సరిగా లేదు, నర్సులకు తీరిక లేదు, ఇంటర్నెట్ నెమ్మది. ఫొటో కుదరని పేషెంట్‌ను పెద్ద డాక్టర్ దగ్గరికి పొమ్మన్నారు. జబ్బు లేకపోయినా సరే, బస్సెక్కాల్సిందే!

శుక్లం ముదిరిన కంట్లో ఫొటో మసగ్గా వస్తుంది. మన పెద్దవాళ్లలో శుక్లాలు ఎంతమందికి ఉన్నాయో చెప్పనక్కర్లేదు. కాబట్టి ప్రోగ్రామ్ కొనడం కంటే ముందు మంచి కెమెరా, చీకటి గది, దాన్ని వాడటం నేర్చిన మనిషి కావాలి. ఇంకా ముఖ్యం, "జబ్బు ఉంది" అని వచ్చిన రోజున లేజర్ ఎక్కడ చేస్తారు? బందరులో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ఆ వైద్యం అక్కడే దొరికితే దివిసీమ జనం విజయవాడ దాకా పోనక్కర్లేదు. లేకుంటే ఎక్కువమంది కాగితం మడిచి ఇంట్లో పెట్టుకుంటారు.

ఇంకో మాట. షుగర్ దెబ్బ కోసం నేర్పిన ప్రోగ్రామ్ "బాగుంది" అంటే, కళ్లలో ఇంకే జబ్బూ లేదని కాదు. నీటికాసులు ఉన్నాయో లేవో దానికి నేర్పకపోతే అది చెప్పలేదు. క్యాంపులో ఫొటో తీయించుకుంటే దేని కోసం చూశారో అడగండి, రిపోర్టు చేతికి తీసుకోండి. పాప పెద్దది చేసే చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. ఆ రోజు అబ్బాకు బండి తాళం ఇవ్వొద్దు.