ఫైళ్లు చదవగలరు, మనుషుల్ని పిలవలేరు: కాగ్‌కు సమన్ల అధికారం ఇవ్వాలా?

2025 జూన్ 11న తెలంగాణ మాజీ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు హైదరాబాద్‌లోని బీఆర్‌కే భవన్‌కు వెళ్లి జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ ముందు హాజరయ్యారు. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంపై ఆ కమిషన్ విచారణ జరిపింది. అప్పటికి కొద్ది రోజుల ముందే మాజీ మంత్రులు ఈటల రాజేందర్, హరీశ్ రావు కూడా వాంగ్మూలం ఇచ్చి వెళ్లారు.

ఇదే ప్రాజెక్టును అంతకుముందే మరో సంస్థ పరిశీలించింది. అది కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, అంటే కాగ్. 2024 ఫిబ్రవరిలో అసెంబ్లీ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక, ప్రాజెక్టు ఖర్చు 1.47 లక్షల కోట్ల రూపాయలు దాటవచ్చని లెక్కగట్టింది. పెట్టే ప్రతి రూపాయికీ తిరిగి వచ్చే ప్రయోజనం 52 పైసలేనని అంచనా వేసింది. అయితే ఆ నిర్ణయాలు తీసుకున్నవారిని పిలిచి, ప్రమాణం చేయించి, ‘ఇలా ఎందుకు చేశారు’ అని అడిగే అధికారం కాగ్‌కు లేదు. ఫైలులో ఏముందో కాగ్ చెప్పగలిగింది. ఫైలులోకి ఎక్కని మాటలు ఏమిటో అడగగలిగింది మాత్రం కమిషనే.

రాజ్యాంగం సృష్టించిన శాశ్వత సంస్థకు లేని అధికారం, ప్రభుత్వం ఒక జీవోతో ఏర్పాటు చేసిన తాత్కాలిక కమిషన్‌కు ఉంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

చట్టం ఏం చెబుతోంది?

కాగ్ అధికారాలను నిర్ణయించేది 1971 నాటి చట్టం. అందులోని సెక్షన్ 18 ప్రకారం కాగ్ ఏ లెక్కల కార్యాలయాన్నైనా తనిఖీ చేయవచ్చు, రికార్డులు తెప్పించుకోవచ్చు, కార్యాలయ బాధ్యుడిని ప్రశ్నలు అడగవచ్చు. ఆ బాధ్యుడు వీలైనంత త్వరగా, పూర్తిగా సమాచారం ఇవ్వాలి. ఇవ్వకపోతే ఏమవుతుందో మాత్రం చట్టం చెప్పలేదు. జరిమానా లేదు, సమన్లు లేవు.

‘కార్యాలయ బాధ్యుడు’ అన్న మాటలో మరో ఇబ్బంది ఉంది. ఆడిట్ జరిగేది సాధారణంగా నిర్ణయం జరిగిన కొన్నేళ్లకు. అప్పటికి ఆ కుర్చీలో వేరే అధికారి ఉంటారు. సంతకం పెట్టినవారు బదిలీ అయ్యో, పదవీ విరమణ చేసో వెళ్లిపోయి ఉంటారు. ఆడిట్ మెమోకు కొత్త అధికారి ఇచ్చే జవాబు చాలాసార్లు ‘రికార్డులు పరిశీలించి తెలియజేస్తాం’ అన్న ఒక్క వాక్యంతో ఆగిపోతుంది. పదవిలో లేని వ్యక్తినీ, కాంట్రాక్టరు దగ్గర పనిచేసిన ఇంజినీరునూ నేరుగా ప్రశ్నించే దారి ఈ చట్టంలో లేదు.

2008 నుంచి 2013 వరకు కాగ్‌గా ఉన్న వినోద్ రాయ్ ఈ చట్టాన్ని కాలానికి తగ్గట్టు సవరించాలని కేంద్రాన్ని కోరారు. సవరణ రాలేదు. ఆ కాలంలోనే కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్ క్షేత్రం ఆడిట్‌లో, ప్రైవేటు ఆపరేటర్ రికార్డులు కాగ్ ఎంతవరకు చూడవచ్చన్నది పెద్ద వివాదమైంది. ప్రజల వనరులను వాడుకునే టెలికాం కంపెనీల రాబడి లెక్కలను కాగ్ పరిశీలించవచ్చని 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ 2015 అక్టోబర్‌లో ఢిల్లీ విద్యుత్ పంపిణీ సంస్థలపై కాగ్ ఆడిట్‌కు ఆదేశించిన ఉత్తర్వును ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. కాగితాల దగ్గరే ఇంత పోరాటం జరుగుతుంటే, మనుషుల మాట ఎత్తినవారు తక్కువ.

మిగతా సంస్థల సంగతి

మన దేశంలో సాక్షులను రప్పించే అధికారం కొత్తదేమీ కాదు. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం, 1993 నాటి మానవ హక్కుల చట్టం, సమాచార హక్కు చట్టం, లోక్‌పాల్ చట్టం ఈ విషయంలో ఆయా సంస్థలకు సివిల్ కోర్టు అధికారాలు ఇచ్చాయి. కాగ్ నివేదికలను పరిశీలించే పార్లమెంటు ప్రజాపద్దుల కమిటీ కూడా వ్యక్తులను, పత్రాలను రప్పించగలదు. అయితే మంత్రులను పిలవకపోవడం అక్కడ సంప్రదాయం. దేశ భద్రతకు, ప్రయోజనాలకు భంగమంటూ ప్రభుత్వం పత్రాలను నిరాకరించే వీలూ నిబంధనల్లోనే ఉంది.

అధికారం ఉన్నంత మాత్రాన పని జరుగుతుందనీ లేదు. సాయుధ బలగాలపై ఫిర్యాదు వస్తే జాతీయ మానవ హక్కుల కమిషన్ కేంద్రం నుంచి నివేదిక కోరడం తప్ప సొంతంగా విచారణ జరపలేదు. 2జీ వ్యవహారంలో సంయుక్త పార్లమెంటరీ సంఘం ముందు హాజరవుతానని మాజీ మంత్రి ఎ. రాజా స్వయంగా అడిగినా సంఘం పిలవలేదు. సాక్షి వస్తానన్నా పిలిచేవారికి ఇష్టం ఉండాలి కదా!

అమెరికాలోనూ ఇదే చర్చ ఉంది. 1978 చట్టం ప్రకారం ప్రభుత్వ శాఖల్లో నియమితులైన ఇన్‌స్పెక్టర్ జనరళ్లు పత్రాల కోసం సమన్లు జారీ చేయగలరు. వాంగ్మూలం కోసం చేయలేరు. రక్షణ శాఖ వంటి ఒకటి రెండు చోట్లే మినహాయింపు లభించింది. విచారణ మొదలవగానే ఉద్యోగి రాజీనామా చేస్తే ఇక అతన్ని మాట్లాడించే దారి మూసుకుపోతుంది. 2016లో ఈ వ్యవస్థను బలోపేతం చేస్తూ కాంగ్రెస్ చట్టం తెచ్చినా, వాంగ్మూలం సంగతి అందులో చేరలేదు.

అభ్యంతరాల్లో బలం లేకపోలేదు

సమన్ల అధికారం రెండు వైపులా పదునున్న కత్తి. అధికారి ప్రతి సంతకానికీ రేపు ప్రమాణం చేసి జవాబు చెప్పాల్సి వస్తుందని భయపడితే, సంతకమే పెట్టకుండా ఫైలును పై అధికారికి పంపేస్తాడు. రాజకీయ కక్షకు వాడుకునే ప్రమాదమూ ఉంది. దానికి ఉదాహరణ కోసం తెలంగాణ దాటి వెళ్లనక్కర్లేదు. విద్యుత్ కొనుగోళ్లపై విచారణ జరుపుతున్న జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి, నివేదిక ఇవ్వకముందే విలేకరుల సమావేశంలో అభిప్రాయం చెప్పారని కేసీఆర్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2024 జూలైలో కోర్టు సూచన మేరకు ప్రభుత్వం ఆయన స్థానంలో జస్టిస్ మదన్ లోకూర్‌ను నియమించింది. కాళేశ్వరం నివేదికపైనా, తమ ప్రతిష్ఠకు భంగం కలిగించే ముందు ఇవ్వాల్సిన సెక్షన్ 8బి నోటీసు ఇవ్వలేదంటూ కేసీఆర్, హరీశ్ రావు హైకోర్టును ఆశ్రయించారు. పిలిచే అధికారం ఎంత ముఖ్యమో, పిలిచిన మనిషికి న్యాయం జరగడం కూడా అంతే ముఖ్యం.

కమిషన్ల చట్టం ఒక రక్షణ కల్పించింది. సాక్షి చెప్పిన మాటను, అబద్ధపు సాక్ష్యం కేసులో తప్ప, అతనిపైనే వాడకూడదు. రాజ్యాంగంలోని 20(3) అధికరణ కూడా నిందితుడు తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పేలా బలవంతం చేయరాదంటుంది. అంటే ఇలాంటి వాంగ్మూలం శిక్ష కోసం కాదు, నిజం తెలుసుకోవడానికి. ఆడిట్‌కు కావలసిందీ అదే.

ముందుగా చేయాల్సింది

కాగ్‌కు పరిమితమైన అధికారం ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. పదవీ విరమణ చేసినవారిని, ప్రజాధనం అందుకున్న కాంట్రాక్టర్లను రాతపూర్వక కారణాలతో పిలవవచ్చు. వెంట న్యాయవాదిని అనుమతించాలి. రాకపోతే శిక్ష విషయం కోర్టుకు వదిలేయాలి. విధాన నిర్ణయం మంచిదా చెడ్డదా అన్న వాదనను దీని పరిధిలోకి తేకూడదు.

అయితే అంతకన్నా ముందు తేలాల్సిన ప్రశ్న ఒకటుంది. కాగ్‌ను ఎంపిక చేసేది ఆడిట్‌కు గురయ్యే ప్రభుత్వమే. ఈ పద్ధతిని ప్రశ్నిస్తూ దాఖలైన పిటిషన్‌పై 2025 మార్చిలో సుప్రీంకోర్టు కేంద్రానికి నోటీసు ఇచ్చింది. ఎంపిక మారకుండా అధికారం పెంచితే ఎవరిని పిలవాలో, ఎవరిని వదలాలో పాలకులే పరోక్షంగా నిర్ణయిస్తారన్న అనుమానం మిగులుతుంది.

ఈ రెండూ జరగకపోతే ఇప్పటి పద్ధతే కొనసాగుతుంది. పథకం నడుస్తున్నప్పుడు ఆడిటర్ అడిగిన ప్రశ్నకు జవాబు రాదు. ప్రభుత్వం మారాక ప్రత్యర్థులు వేసిన కమిషన్ అదే ప్రశ్న అడుగుతుంది. అప్పుడు వచ్చే జవాబును సగం మంది నిజమని, సగం మంది కక్ష అని అంటారు. మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగింది 2023 అక్టోబర్‌లో. అడగాల్సినవారు అడగాల్సినప్పుడు అడిగి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు చెప్పలేం. అలా అడిగే వీలు ఆడిటర్‌కు చట్టంలో లేదన్నది మాత్రం నిజం.