పాటా? బాటా? మాటా?

పిల్లలూ! ఈ నెల పాఠానికి ఒక అద్దం కావాలి. దాని ముందు నిలబడి, గొంతు పైకి రానివ్వకుండా, పెదవులు మాత్రం కదిలిస్తూ "పాట" అనండి. తరవాత "బాట", ఆ తరవాత "మాట" అనండి. తేడా ఏమైనా కనిపించిందా? కనిపించదు. ప, బ, మ మూడూ పెదవులు మూస్తేనే పలుకుతాయి. ఇక క, గ అయితే నోటిలోపల వెనకవైపున పుడతాయి గనక పెదవులదాకా రానే రావు.

చెవులు వినిపించనివాళ్ళు పెదవులు చూసి మాట పట్టేస్తారని చాలామంది అనుకుంటారు. పట్టేది కొంత, ఊహించుకునేది ఎక్కువ. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన నాకే ఇది ఆలస్యంగా తెలిసింది.

మా బడిలో ఒక అమ్మాయి ఉండేది. తల్లిదండ్రులు మిరపకాయల కోతకు వెళ్ళేవాళ్ళు. ఆ పిల్ల ముందు బల్లమీద కూర్చుని నా మొహమే చూస్తూండేది. నేనేమో బోర్డువైపు తిరిగి లెక్క వ్రాస్తూ, వ్రాస్తూనే వివరించేవాణ్ణి. నా వీపు చూస్తే ఆమెకేం బోధపడుతుంది? ఆ ఏడు లెక్కల్లో తప్పింది. "ధ్యాస లేదు" అని ప్రోగ్రెసు కార్డుమీద వ్రాసింది కూడా నేనే!

తరవాత ఆమె బాపట్ల వెళ్ళింది. అక్కడ వినికిడి లేని పిల్లలకోసం ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల, జూనియర్ కళాశాల ఉన్నాయి. తనలాంటివాళ్ళతో చేతులతో కబుర్లాడుతూ ఇంటర్ ప్యాసయింది. డిగ్రీకి మాత్రం మామూలు కాలేజీలో చేరింది. సంక్రాంతికి మా ఇంటికి వచ్చి కాగితంమీద ఇలా వ్రాసింది:

"మాస్టారూ, అందరూ చెవితో వింటూ కంటితో చూసి వ్రాసుకుంటారు. నాకు రెండు పనులూ కంటితోనే. తల వంచితే పాఠం పోతుంది."

అందుకే ఇలాంటి విద్యార్థులకు నోట్సు వ్రాసిపెట్టేవారు ఒకరు కావాలి. పాఠాన్ని సైగల భాషలోకి మార్చి చెప్పే దుబాసీ కావాలి. సైగల భాష అంటే ఉత్త చేతులు ఊపడం కాదు. దాని వ్యాకరణం దానికి ఉన్నది. అమెరికాలో రాచెస్టరు నగరాన 1968లో బధిర విద్యార్థులను చేర్చుకున్న సాంకేతిక విద్యాలయం ఒకటి ఉన్నది. మాస్టారు చెబుతూండగానే ఒకరు టైపుచేసి తెరమీద చూపించే పద్ధతి ఒకటి అక్కడే తయారయింది.

మన దేశంలో 2016 నాటి చట్టం, కాలేజీలు తగిన సౌకర్యాలు చేయాలంటున్నది. కాని దుబాసీలు చాలా తక్కువ. ఢిల్లీలో 2015లో పెట్టిన సైగల భాషా సంస్థ వాళ్ళకు శిక్షణ ఇస్తున్నది. 2021లో అది 10,000 మాటల నిఘంటువు కూడా పూర్తిచేసింది. శాస్త్రపాఠాలకు మాటలు లేకపోతే దుబాసీ మాత్రం ఏం చెప్పగలడు?

మాట వింటే అక్షరాలుగా మార్చే ఫోను ఆ అమ్మాయి దగ్గర ఉన్నది. పరీక్షిద్దామని "లంబకోణం" అన్నాను. పైన ఫ్యాను గోల. తెరమీద ఏదో "లంబాడి కోడి" అని వచ్చింది! ఇద్దరం నవ్వుకున్నాం.

తరవాత కాగితం తన వైపు లాక్కుని వ్రాసింది: "అప్పట్లో బోర్డువైపు తిరిగి ఏం చెప్పేవారు మాస్టారూ?"

ఫ్యాను ఆపి, పలకా బలపం తెచ్చుకుని, ఆమెకు ఎదురుగా కూర్చున్నాను.