మాస్కు బ్యాటర్‌కేనా?

న్యూజెర్సీలో ఉండే మా పిన్ని కూతురు వాళ్ల హైస్కూల్ సాఫ్ట్‌బాల్ టీమ్‌లో పిచర్. మన క్రికెట్ లెక్కలో బౌలర్ అనుకోండి. మొన్న వీడియో కాల్‌లో పై పెదవికి కుట్లతో కనిపించింది. తను వేసిన బంతే బ్యాట్‌కి తగిలి తిన్నగా మొహం మీదికి వచ్చిందట.

"మాస్కు లేదా?" అన్నాను.

"అది బ్యాటింగ్‌కే అన్నయ్యా. ఫీల్డింగ్‌లో మా టీమ్‌లో ఎవ్వరూ పెట్టుకోరు."

వెనక నుంచి పిన్ని గొంతు: "కొనిచ్చాన్రా, బ్యాగులోంచి బయటికి తియ్యదు!"

ఇదేం రూలో అర్థం కాక కూర్చుని చదివాను. అమెరికా హైస్కూల్ సాఫ్ట్‌బాల్‌లో బ్యాటర్ హెల్మెట్‌కి ముందు జాలీ, అదే ఫేస్ మాస్కు, 2006 నుంచి తప్పనిసరి. క్యాచర్‌కి ఎలాగూ ఉంటుంది. పిచర్‌కీ, ఫస్ట్ బేస్, థర్డ్ బేస్ దగ్గర నిలబడేవాళ్లకీ మాత్రం మీ ఇష్టం అన్నారు. కొన్ని లీగులు సొంతంగా తప్పనిసరి చేసుకున్నాయి, అంతే.

ఇంజనీరింగ్ చదువుతున్నాం కాబట్టి లెక్క వేద్దాం. పేరుకే సాఫ్ట్, ఆ బంతి బరువు 180 గ్రాములకు అటూ ఇటూ. మన లెదర్ బంతి కంటే ఎక్కువే. పిచింగ్ దూరం 43 అడుగులు. బంతి వదిలేసరికి పిచర్ ఒక పెద్ద అంగ ముందుకు వచ్చేస్తుంది, అంటే బ్యాట్‌కి సుమారు 11 మీటర్లు. కొట్టిన బంతి గంటకు 70 మైళ్లతో వస్తే సెకనుకు 31 మీటర్లు. తప్పుకోవడానికి ఉన్న టైమ్ 0.35 సెకను. బ్యాటర్ కనీసం కుదురుగా నిలబడి బంతి కోసమే చూస్తుంటుంది. పిచర్ అప్పటికింకా ఒంటికాలి మీదే ఉంటుంది. మరి జాలీ ముందు ఎవరికి కావాలి?

మాస్కుతో కాళ్ల దగ్గరికి దొర్లే బంతి సరిగ్గా కనబడదంటారు. కొంత నిజమే కావచ్చు. కానీ క్యాచర్ ఆటంతా జాలీలోంచే చూస్తోంది కదా!

మనకీ ఇది కొత్త కాదు. 1998లో ఢాకాలో రమణ్ లాంబా షార్ట్ లెగ్‌లో హెల్మెట్ లేకుండా నిలబడి, తలకి బంతి తగిలి చనిపోయాడు. బ్యాట్‌కి అంత దగ్గర నిలబడే ఫీల్డర్లకి అంతర్జాతీయ క్రికెట్‌లో హెల్మెట్ తప్పనిసరి అయింది 2023 జూన్‌లో. పాతికేళ్లు!

"ఎవరిష్టం వాళ్లది" అనే మాట పదిహేనేళ్ల పిల్లల దగ్గర పనిచెయ్యదు. అక్కడ ఇష్టం తనది కాదు, పక్కవాళ్లది. మన పార్కింగ్‌లో చూడండి, హెల్మెట్ ట్యాంకు మీద కూర్చునుంటుంది, మెయిన్ రోడ్డు మీద పోలీసు కనబడితే తలమీదికెక్కుతుంది. (నాదీ అంతే, దాచడం దేనికి.) రూల్ ఉంటే పెట్టుకున్నవాళ్లని ఎవరూ పిరికివాళ్లనరు. అందుకే పిచర్‌కీ, రెండు బేసుల దగ్గరా మాస్కు తప్పనిసరి చెయ్యాలంటాను.

కుట్లు విప్పారట, వచ్చే వారం మ్యాచ్. ఈసారైనా పెట్టుకుంటావా అనడిగాను.

"థర్డ్ బేస్ అమ్మాయి పెట్టుకుంటే నేనూ పెట్టుకుంటా" అంది.