గంజి పొంగితే ఆగండి.. పాకం ఒలికితే ఆగొద్దు!

అమెరికాలో అపార్ట్‌మెంటు అద్దెకు తీసుకున్న తెలుగువారికి చాలాచోట్ల వంటింట్లో ఎదురయ్యేది అద్దంలా మెరిసే నల్లటి కరెంటు పొయ్యి. మంట ఉండదు, బర్నర్లు పైకి కనిపించవు. చదునైన పలక ఒక్కటే. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది కానీ... అన్నం గంజో, పప్పుచారో పొంగితే క్షణాల్లో మాడి, నల్లటి పెచ్చు కడుతుంది. కంగారుగా స్టీలు పీచుతో తోమితే మరక పోయినా గీతలు మిగులుతాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ గీతలకు డిపాజిట్‌లో కోత పడినా పడొచ్చు!

అసలు ఆ పలక సంగతేంటి? అది మామూలు గాజు కాదు, పింగాణీ కాదు. రెంటి లక్షణాలూ ఉన్న గ్లాస్-సిరామిక్. అమెరికాలోని కార్నింగ్ కంపెనీలో 1953లో డొనాల్డ్ స్టూకీ అనే శాస్త్రవేత్తకు అనుకోకుండా చేతికందిన పదార్థమిది. 600 డిగ్రీల దగ్గర ఉండాల్సిన కొలిమి వేడి 900 డిగ్రీలకు చేరింది. లోపలి గాజు కరిగిపోయి ఉంటుందనుకున్నారు. కరగలేదు సరికదా... బయటికి తీస్తుంటే పట్టకారు నుంచి జారి కిందపడినా పగల్లేదు. జర్మనీకి చెందిన షాట్ కంపెనీ 1971లో ఇలాంటి పదార్థంతోనే పొయ్యి పలకల్ని తెచ్చింది. మన ఇళ్లలోని చాలా ఇండక్షన్ స్టవ్‌ల పైపలకా ఇదే జాతి.

దీని గొప్పదనం... ఎంత కాలినా దాదాపు వ్యాకోచించదు, చల్లారినా కుంచించుకుపోదు. ఆ గుణమే పంచదార విషయంలో ముప్పవుతుంది. కరిగిన పాకం పలకను గట్టిగా పట్టుకుంటుంది. చల్లారేకొద్దీ పాకం కుంచించుకుపోతుంది, పలక మాత్రం అలాగే ఉంటుంది. ఆ లాగుడుకి పలక పైపొర సన్నటి పెచ్చులుగా ఊడి గుంటలు పడతాయి. అవి ఇక పూడవు. పలక మార్చుకోవాల్సిందే!

అందుకే అరిసెల పాకం, పాయసం, జామ్ లాంటివి ఒలికినా, ప్లాస్టిక్ కరిగి అంటుకున్నా చల్లారేదాకా ఆగొద్దు. వెంటనే స్విచ్‌లన్నీ కట్టేయండి. గిన్నెలు పక్కన పెట్టి, పిల్లల్ని దూరంగా పంపండి. వేడి పాకం చర్మానికి అంటుకుంటే గాయం లోతుగా అవుతుంది కాబట్టి చేతులకు ఓవెన్ గ్లవ్స్ తప్పనిసరి. ఒకవైపే పదునున్న బ్లేడు బిగించిన స్క్రేపర్‌తో పాకాన్ని వేడి లేని చోటుకి నెట్టి, పేపర్ టవల్‌తో ఎత్తేయండి. ఇంకా మిగిలితే చల్లారాక తీయొచ్చు. పూర్తిగా పోయేదాకా ఆ పొయ్యి వెలిగించొద్దు.

గంజి, చారు, కూరల మరకలైతే తొందర లేదు. పలక పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద తడిగుడ్డ వేస్తే ఆవిరికి చేతులు కాలతాయి. చల్లారాక మరక మీద వంటసోడా చల్లి, వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ కప్పి పావుగంట వదిలేయండి. తర్వాత మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలావరకూ వచ్చేస్తుంది. అప్పటికీ మొండికేస్తే సిరామిక్ పొయ్యిల కోసమే అమ్మే క్రీమ్ కాస్త రాసి, స్క్రేపర్‌ని ఏటవాలుగా, 30-45 డిగ్రీల కోణంలో పట్టి నెమ్మదిగా గీకండి. బ్లేడు మూల గుచ్చుకుంటే గీత పడుతుంది. మొద్దుబారిన బ్లేడూ పనికిరాదు. చివర్లో తడిగుడ్డతో శుభ్రంగా తుడవండి. క్రీమ్ మిగిలిపోతే మళ్లీ వేడెక్కినప్పుడు అదే మరకవుతుంది.

ఉప్పునీటి తెల్లమచ్చలకు తెల్ల వెనిగర్ నాలుగు చుక్కలు చాలు. స్టీలు పీచు, గరుకు పొడులు, బ్లీచ్, ఓవెన్ క్లీనర్లు మాత్రం వద్దు. గిన్నెల్ని ఈడ్చకుండా ఎత్తి పెడితే గీతల బెడదా తగ్గుతుంది. పలక మీద బీట కనిపిస్తే తుడవడం కూడా ఆపేసి, మెయిన్ స్విచ్ కట్టేసి మెకానిక్‌ని పిలవండి. బీటలోంచి తడి దిగితే కరెంటు షాక్ కొట్టే ప్రమాదముంది.

మన దగ్గర వాడే గ్లాస్‌టాప్ గ్యాస్ స్టవ్‌ని చూసి ఇదీ అదీ ఒకటేననుకోవద్దు. దాని పైన ఉండేది టఫెన్డ్ గ్లాస్. వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్లు పడితే ముక్కలైపోవచ్చు. దాన్నెప్పుడూ చల్లారాకే తుడవాలి.

స్క్రేపర్‌ని డ్రాయరు అడుగున పడేయకుండా, పిల్లలకు అందనంత ఎత్తులో, పొయ్యికి దగ్గర్లోనే ఉంచుకోండి. పాకం ఒలికాక వెతుక్కునేంత సమయం ఉండదు మరి!