ఉప్పు ఎక్కడికీ పోదు

పోయిన వారం ట్యాంకు పెట్టడం, ఉప్పునీళ్లు నింపడం, చేపలు తేకముందు నెలరోజులు ఓపిక పట్టడం దాకా చెప్పుకున్నాం. ఇప్పుడు చేపలు కూడా వచ్చేశాయనుకుందాం. ఇక అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే. నీళ్లు ఎప్పుడు మార్చాలి? ఎలా మార్చాలి?

జవాబు చెప్పేముందు నా పరువు తీసే కథొకటి చెప్పాలి. అది చెప్పకుండా పద్ధతి ఒక్కటే చెబితే మీరూ నాలాగే చేస్తారని భయం.

అది ఏప్రిల్ నెల. హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాటు, పడమటి ఎండ. హాల్లో మూడడుగుల ట్యాంకు. రాళ్లూ ఇసకా పోను లోపల 120 లీటర్ల నీళ్లు. అందులో రెండు క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య. పెద్ద చేపకి బుజ్జి అనీ, చిన్నదానికి పండు అనీ మా అమ్మాయి పేర్లు పెట్టింది. దానికప్పుడు ఎనిమిదేళ్లు. స్కూలు నుంచి రాగానే బ్యాగు సోఫాలో పడేసి ముందు వాటికి కబుర్లు చెప్పేది, ఆ తర్వాతే నాకు.

ఎండలకి ట్యాంకు వేడెక్కిపోతోందని మూత తీసేసి పైన చిన్న ఫ్యాను పెట్టాను. గాలికి నీళ్లు చల్లబడ్డాయి. కుండలో నీళ్లు చల్లబడే లెక్కే ఇదీ. కాకపోతే చల్లబడుతున్నంతసేపూ ఆవిరైపోతూ ఉంటాయి. రోజుకి రెండు లీటర్లు తగ్గేవి. నేనేమన్నా తక్కువ తిన్నానా? బకెట్టులో ఉప్పునీళ్లు కలిపి, హైడ్రోమీటరుతో కొలిచి, సాంద్రత సరిగ్గా 1.025 వచ్చాకే రోజూ రెండేసి లీటర్లు పోసేవాణ్ని. బకెట్టులో నీళ్లు రోజూ కొలిచాను. ట్యాంకులో నీళ్లు మాత్రం ఒక్కరోజూ కొలవలేదు.

20వ రోజు పొద్దున రొయ్య వెల్లకిలా పడి ఉంది. చేపలు రెండూ పైకొచ్చి గబగబా మొప్పలాడిస్తున్నాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నీళ్లు పాడైపోయాయి, సగం మార్చేయాలి అనుకున్నాను. అప్పటికప్పుడు 60 లీటర్లకి ఉప్పు కలిపి, గంట కూడా ఆగకుండా, సగం ట్యాంకు తోడేసి కొత్తనీళ్లు గుమ్మరించాను. మర్నాడు తెల్లారేసరికి బుజ్జి లేదు.

మా అమ్మాయి యూనిఫాం వేసుకుని ట్యాంకు దగ్గరికొచ్చి, "నాన్నా, బుజ్జి దాక్కుందా?" అంది. అవునని అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.

అమ్మ అడిగిన ప్రశ్న

ఆ వారమే మా అమ్మ ఊరి నుంచి వచ్చింది. అమ్మది శ్రీకాకుళం జిల్లా, నౌపాడ దగ్గర పల్లె. ఆ చుట్టుపక్కలంతా ఉప్పు మడులే. చిన్నప్పుడు ఆ గట్ల మీద తిరిగిన మనిషి. వచ్చిన రోజు సాయంత్రం కాఫీ గ్లాసు పట్టుకుని ట్యాంకు ముందు కూర్చుంది. అంచు మీద తెల్లగా పేరుకున్నదాన్ని గోటితో గీకి నాలిక మీద పెట్టుకుంది.

"ఉప్పు కట్టీసిందిరా" అంది. కాసేపాగి, "రోజూ నీల్లు తగ్గిపోతే ఏటి పోస్తన్నావు?"

"ఉప్పునీళ్లేనమ్మా. కొలిచి మరీ పోస్తున్నా."

అమ్మ నా మొహంలోకి చూసింది. "నీల్లంటే ఎండకి ఎగిరిపోతాయి. మరి ఉప్పెటెల్తాదిరా?"

నా దగ్గర సమాధానం లేదు. మడిలోకి సముద్రపు నీళ్లు వదులుతారు. ఎండ నీళ్లని పట్టుకుపోతుంది, ఉప్పు మిగులుతుంది. మళ్లీ నీళ్లు వదులుతారు. 20 రోజులుగా మా హాల్లో నేను చేసిందీ అదే. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. రోజుకి రెండు లీటర్లంటే 70 గ్రాములు. 20 రోజులకి కిలో 400 గ్రాములు. అది 120 లీటర్లలో కలిస్తే, లీటరుకి 35 గ్రాములుండాల్సింది 46 దాటిపోయింది.

రొయ్యని తీసుకుపోయింది ఆ ఉప్పు. రొయ్యల్లాంటి ప్రాణులు ఉప్పు తేడాని చేపల కన్నా తక్కువ తట్టుకుంటాయి. బుజ్జిని తీసుకుపోయింది మాత్రం నా కంగారు. 46లో ఉన్న చేపని ఒక్క గంటలో 41కి దించేశాను, అదీ పూర్తిగా కరగని ఉప్పునీళ్లతో. ఎక్కువ ఉప్పు తప్పే. దాన్ని ఒక్కసారిగా దించడం ఇంకో తప్పు. మిగిలిన పండుని కాపాడుకోవడానికి 12 రోజులు పట్టింది. ఆవిరైన మేరకి రోజూ ఆర్వో నీళ్లు మాత్రమే పోశాను. అదిగాక రోజుకి లీటరున్నర ఉప్పునీళ్లు తీసి, ఆ చోట ఆర్వో నీళ్లు పోశాను. అలా మెల్లగా 35కి వచ్చింది.

అంచేత మొదటి పాఠం ఇది. తగ్గిన నీళ్లు నింపడం వేరు, నీళ్లు మార్చడం వేరు. తగ్గినదానికి ఉప్పులేని నీళ్లు. తోడి పారబోసినదానికి ఉప్పునీళ్లు. ట్యాంకు అద్దానికి నీటిమట్టం దగ్గర ఒక టేపు ముక్క అంటించుకోండి. రోజూ ఆ గీత దాకా ఉప్పులేని నీళ్లు పోస్తే చాలు.

అసలు మార్చడం ఎందుకు?

ట్యాంకులో నీళ్లు అద్దంలా మెరుస్తుంటాయి కదా, మరి మార్చడమెందుకని చాలామందికి అనుమానం. చేప వదిలిన మలినం, తినకుండా వదిలేసిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. మనం నెలరోజులు ఆగి పెంచుకున్న బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తుంది. ఈ నైట్రేటు మాత్రం చాలావరకు నీళ్లలోనే పేరుకుపోతుంది. కంటికి కనపడదు. దాన్ని తగ్గించడానికి కొత్తగా నేర్చుకునేవాళ్లకి అన్నిటికన్నా తేలిక మార్గం కొంత పాతనీరు తీసి కొత్తనీరు పోయడం. పనిలో పనిగా నీళ్లలో తగ్గిపోయిన కాల్షియం, మెగ్నీషియం, క్షారగుణం కూడా తిరిగొస్తాయి.

ఎంత మార్చాలి? మనందరి ఇళ్లలో ఉండే 20 లీటర్ల వాటర్ క్యానునే కొలతగా పెట్టుకోండి. నా ట్యాంకుకి ఒక క్యాను అంటే ఆరో వంతు. నైట్రేటు 40 ఉందనుకుందాం. ఒక క్యాను మారిస్తే 33 అవుతుంది. వచ్చే వారం ఇంకో క్యానుకి 28. ఆ పై వారం 23, నాలుగో వారానికి 19. మధ్యలో కొత్తగా చేరేది కొంత ఉంటుంది కాబట్టి లెక్క ఇంత శుభ్రంగా రాదు. అయినా దారి అర్థమైంది కదా? వారానికి పదో వంతు నుంచి ఆరో వంతు దాకా మారిస్తే సరిపోతుంది. ఒకేరోజు సగం మార్చేసి నెలంతా నిద్రపోదామనుకోవద్దు. ఆ సుఖం ఎలా ఉంటుందో నేను చూశాను.

ఏ నీళ్లు? ఏ ఉప్పు?

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. బోరు నీళ్లలో ఏమేం కరిగి ఉంటాయో మీ గీజరు కాయిల్‌ని అడగండి, చెబుతుంది. ఆ నీళ్లలో నైట్రేటు, ఫాస్ఫేటు ఉంటే రాళ్ల నిండా నాచు పడుతుంది. రాగి ఉంటే రొయ్యలకీ నత్తలకీ విషమే. కాబట్టి ఆర్వో నీళ్లే వాడాలి.

ఇక్కడో కిటుకుంది. వంటింట్లో ఉండే ఆర్వో మిషన్లలో చాలావాటికి రుచి కోసం కాస్త మామూలు నీళ్లు కలిపే ఏర్పాటో, ఖనిజాలు కలిపే కాట్రిడ్జో ఉంటుంది. మన నోటికి బావుంటుంది గానీ ట్యాంకుకి పనికిరాదు. చిన్న టీడీఎస్ మీటరు కొనుక్కుని చూడండి. అంకె సున్నాకి ఎంత దగ్గరుంటే అంత మంచిది. మెంబ్రేన్ తర్వాత డీఐ రెజిన్ గొట్టం తగిలిస్తే సున్నాకే వస్తుంది. క్యాన్ల నీళ్లు కొనేవాళ్లూ ముందు మీటరు పెట్టి చూసుకోవాల్సిందే.

"మాది విశాఖపట్నం, సముద్రం పక్కనే ఉంది, రెండు క్యాన్లు ముంచి తెచ్చుకోకూడదా?" అని అడిగేవాళ్లున్నారు. ఒడ్డున ముంచిన నీళ్లంటే ఊరి మురుగు, పడవల నూనె అన్నీ కలిసినవి. పైగా వానలు పడి నదులు పొంగాయంటే బంగాళాఖాతంలో పైనీటి ఉప్పదనం బాగా పడిపోతుంది. ఈ వారం తెచ్చిన నీళ్లూ వచ్చే నెల తెచ్చినవీ ఒకేలా ఉండవు. మొదట్లోనే ఆ తలనొప్పి వద్దు.

ఇంకో ప్రశ్న, రాళ్ల ఉప్పు వేస్తే సరిపోదా అని. దీనికీ అమ్మ దగ్గరే సమాధానం దొరికింది. మడిలో ఉప్పు తీసేశాక అడుగున చేదు నీళ్లు మిగులుతాయట, వాటిని బయటికి వదిలేస్తారట. ఆ చేదు మెగ్నీషియం లవణాలది. అంతకుముందే, ఉప్పు గడ్డకట్టకముందే, కాల్షియంలో చాలాభాగం జిప్సంగా అడుక్కి దిగిపోతుంది. అంటే మన చేతికొచ్చే రాళ్ల ఉప్పు సముద్రం మొత్తం కాదు. సముద్రంలోంచి ఏరి తీసిన సోడియం క్లోరైడు. చేపకి మొత్తం సముద్రం కావాలి. అందుకే అన్నీ పాళ్ల ప్రకారం కలిపిన మెరైన్ సాల్టే కొనాలి. ఖరీదే, కానీ ఇక్కడ పొదుపు చెయ్యొద్దు.

ఆదివారం పని, శనివారమే మొదలు

శనివారం సాయంత్రం 20 లీటర్ల ఆర్వో నీళ్లు బకెట్టులో పోయండి. సర్ఫు, సబ్బు ఎప్పుడూ తగలని బకెట్టు కావాలి. అక్వేరియం బకెట్టు అని పైన రాసి పెట్టకపోతే ఎవరో ఒకరు అందులో బట్టలు నానబెట్టేస్తారు. నీళ్లలో చిన్న పంపు వేసి, తిరుగుతుండగా ఉప్పు కొద్దికొద్దిగా పోయండి. నీళ్లలో ఉప్పు పోయాలి గానీ, ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. అలా చేస్తే కాల్షియం సున్నంలా విరిగి తెల్లగా అడుగున పేరుకుంటుంది. ఉప్పు 700 నుంచి 750 గ్రాముల దాకా పడుతుంది. ప్యాకెట్టు మీద రాసింది చూసి, చివర్లో కొలిచి సరిచేసుకోండి. రాత్రంతా పంపు తిరగనివ్వండి.

కొలవడానికి వీలైతే రిఫ్రాక్టోమీటరు కొనుక్కోండి. ముల్లు ఉండే ప్లాస్టిక్ హైడ్రోమీటరుకి బుడగలు అంటుకుంటే ముల్లు పైకి లేచి, లేని ఉప్పు ఉన్నట్టు చూపిస్తుంది. దాన్నే వాడుతుంటే తట్టి బుడగలు పోగొట్టి చూడండి.

ఆదివారం పొద్దున బకెట్టునీ ట్యాంకునీ, రెండింటినీ కొలవండి. రెండింట్లోనూ 1.025 దగ్గరుండాలి, తేడా 0.001 దాటకూడదు. వేడి కూడా ఒక డిగ్రీ అటూ ఇటూలో ఉండాలి. బాల్కనీలో ఎండకి పెట్టిన బకెట్టు నేరుగా తెచ్చి పోయకండి.

తర్వాత హీటరు, పంపులు అన్నీ స్విచ్చి కట్టేయండి. ప్లగ్గులు కూడా తీసేస్తే ఇంకా మంచిది. ఉప్పునీళ్లలో చెయ్యి, పక్కన కరెంటు, వేళాకోళం కాదు. నీళ్లు తగ్గి హీటరు బయటపడ్డాక వెలుగుతూ ఉంటే దాని గాజు పగిలిపోతుంది కూడా. పైపుతో మురికి ఎక్కడుంటే అక్కడి నుంచి నీళ్లు లాగండి. ఇసకని అడుగుదాకా కెలక్కండి, పైపైన చాలు. ఒక క్యాను నిండగానే ఆపేయండి. ఫిల్టరు స్పాంజి మురికిగా ఉంటే ఈ తీసిన నీళ్లలోనే పిండండి. కుళాయి కింద కడిగితే మన బ్యాక్టీరియా క్లోరిన్‌కి చచ్చిపోతుంది.

కొత్తనీళ్లు సన్నటి ధారగా, చేపల మీద పడకుండా రాళ్ల మీదుగా పోయండి. పది పదిహేను నిమిషాలు పట్టినా పర్వాలేదు. మట్టం టేపు దాకా రాగానే పంపులు, హీటరు వెయ్యండి. ఓ అరగంట అక్కడే కూర్చుని చేపల ఊపిరి చూడండి. మామూలుగా ఉంటే మీ పని అయిపోయినట్టే.

తోడిన నీళ్లు మాత్రం మొక్కలకి పోయకండి. మామూలు అక్వేరియం నీళ్లు మొక్కలకి ఎరువు. ఇవి పోస్తే తులసి కోట ఎండిపోతుంది.

ఇప్పుడు మా ఇంట్లో రోజూ నీళ్లు నింపే పని మా అమ్మాయిది. చిన్న జగ్గుతో ఆర్వో నీళ్లు తెచ్చి టేపు దాకా పోస్తుంది. పండు బాగానే ఉంది. క్లౌన్ చేపల జంటలో పెద్దది ఆడది. అది పోతే మగది మెల్లగా ఆడదిగా మారుతుంది. పండు కూడా అలాగే మారింది, ఒళ్లు చేసింది కూడా. దానికి తోడు ఓ చిన్నదాన్ని తెచ్చాం. కొత్తదానికి బుజ్జి అని పేరు పెడదామా అంటే మా అమ్మాయి ఒప్పుకోలేదు. "బుజ్జి ఒక్కటే నాన్నా" అంది. దానికింకా పేరు పెట్టలేదు.

మొన్న పక్కింటి కుర్రాడొచ్చి, సముద్రపు చేపలకి మంచినీళ్లు పోస్తున్నావేంటని దాన్ని అడిగాడు. జగ్గు కింద పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని, అచ్చం వాళ్ల నాయనమ్మలాగే అడిగింది: "నీల్లే కదా పోయాయి. ఉప్పెటెల్తాదిరా?"

వచ్చే వారం: సముద్ర గుర్రాలు, పగడాలు తెచ్చిస్తామనేవాళ్ల మాట ఎందుకు వినకూడదో, వన్యప్రాణి సంరక్షణ చట్టం ఏమంటుందో చూద్దాం.