జిల్లా మారితే కంప్యూటర్‌కు ఎవరు చెప్పాలి? 'స్క్రిప్ట్ లైబ్రరీ' కథేంటి?

వేమూరు మండలం 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లాలో ఉండేది. ఆ నెల 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. వేమూరు బాపట్ల జిల్లాకు వెళ్లింది, పక్కనున్న తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. గెజిట్‌లో ఇది ఒకటి రెండు లైన్ల మార్పు. ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌లో ఎన్నిచోట్ల మార్చాలన్నది మాత్రం దాన్ని ఎలా రాశారన్న దాన్నిబట్టే ఉంటుంది.

మీరు సచివాలయంలో ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టారనుకోండి. మీరిచ్చిన ఆధార్ నంబరు 12 అంకెలూ సరిగ్గా ఉన్నాయా అని చూసే చిన్న ప్రోగ్రాం ఒకటి. మీ ఊరు ఏ మండలం, ఏ జిల్లా, ఫైలు ఏ అధికారి లాగిన్‌కు వెళ్లాలి అని తేల్చేది ఇంకొకటి. ఇలాంటి ముక్కలనే స్క్రిప్టులు అంటారు. రేషన్‌కూ, పింఛనుకూ, భూమి రికార్డుకూ ఇవే పనులు అవసరం. ఒక్కో శాఖకు ఒక్కో కంపెనీ సాఫ్ట్‌వేర్ రాసిస్తే, అదే స్క్రిప్టు పదిచోట్ల పది కాపీలుగా పడి ఉంటుంది. జిల్లా మారినప్పుడు తొమ్మిది మార్చి పదోది మరిచిపోతే ఏమవుతుంది? మీ ఫైలు పాత జిల్లా అధికారికి వెళ్లి కూర్చుంటుంది. కౌంటర్‌లో ఉన్న ఉద్యోగి 'సర్వర్ ప్రాబ్లం' అంటారు. నిజానికి సర్వర్ బాగానే ఉంటుంది.

సెంట్రల్ లైబ్రరీ దీనికి విరుగుడు. స్క్రిప్టును ఒక్కచోటే దాచి, అన్ని సేవలూ దాన్నే పిలిచి వాడుకుంటాయి. ఎవరు రాశారు, ఎవరు పరీక్షించారు, ఏ తేదీన ఏం మారింది అనేది పక్కనే నమోదవుతుంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ, స్క్రిప్టుల విషయంలో కాకపోయినా, ఇదే ఆలోచనతో పనిచేస్తుంది. ప్రతి గ్రామానికీ, జిల్లాకూ అక్కడ ఒక కోడ్ ఉంటుంది.

ఈ అవసరం మన రాష్ట్రానికి కొత్తేమీ కాదు. 1998 నవంబరులో 'కార్డ్' పేరుతో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలు కంప్యూటర్‌లోకి వచ్చాయి. నెట్ అంతంతమాత్రంగా ఉన్న రోజులవి. ఏ ఆఫీసు ప్రోగ్రాం ఆ ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉంటే, స్టాంపు డ్యూటీ శాతం మారిన ప్రతిసారీ అన్నిచోట్లా మార్చక తప్పదు. అందులో ఒక్క ఆఫీసు మిగిలిపోయినా, అక్కడికొచ్చిన వాళ్లకు లెక్క తేడా వస్తుంది.

ప్రభుత్వం రాయించిన కోడ్‌ను శాఖలు పంచుకోవాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. 2017లో ఓపెన్‌ఫోర్జ్ అనే వేదికనూ తెచ్చింది. విధానం ఉన్నంత మాత్రాన అలవాటు రాదు. తన కోడ్‌ను పక్క శాఖ చేతికివ్వాలంటే ఏ అధికారికైనా జంకు ఉంటుంది, కాంట్రాక్టు కంపెనీకైతే మరీను. అదే పనిని మళ్లీ అమ్ముకునే అవకాశం పోతుంది కదా!

అలాగని లైబ్రరీలో అంతా లాభమే అనుకోవద్దు. ఒక్కచోట తప్పు పడితే అన్నిచోట్లా పడుతుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక్క లోపభూయిష్ట అప్‌డేట్‌తో ప్రపంచమంతటా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయి, విమానాలు ఆగాయి. అందుకే కొత్త స్క్రిప్టును ముందు ఒకట్రెండు మండలాల్లో నడిపి చూడాలి, తేడా వస్తే పాత వెర్షన్‌కు వెంటనే వెనక్కి వెళ్లగలగాలి. ఈ రెండూ లేని లైబ్రరీ కంటే విడివిడి కాపీలే నయం.

మీవైపు నుంచి చూస్తే అసలు లోటు ఇంకొకటి. పింఛను అర్హతను కంప్యూటర్ కాదన్నప్పుడు, ఏ నియమం, ఏ తేదీ నాటిది వాడి కాదన్నదో తెలియాలి. లైబ్రరీ ఉంటే ఆ వెర్షన్ నంబరును రసీదు మీద ముద్రించడం పెద్ద పనేం కాదు. అప్పటిదాకా సమాచార హక్కు చట్టం, 2005 కింద ఆ నియమం కాపీని రాతపూర్వకంగా అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. దరఖాస్తు రసీదు తీసుకునేటప్పుడు దాని మీద జిల్లా పేరు బాపట్ల అని ఉందో లేదో కూడా అక్కడే చూసుకోండి.