తప్పు యెవరిది? పాఠం యెవరికి?

వోటమి విజయానికి మెట్టు అనే సూక్తి యీనాడు కళాశాలల గోడలమీద విరివిగా కనిపిస్తున్నది. వ్యక్తిత్వ వికాసం పేర అమ్ముడుపోయే పుస్తకాలలో చాలా భాగం దానికి వ్యాఖ్యానాలే. తప్పులు చేస్తేనే మనిషి యెదుగుతాడనీ, దెబ్బలు తింటేనే రాటుదేలుతాడనీ వాటి సారాంశం. యిది పచ్చి అబద్ధమని నేను అనను. అర్ధసత్యం అంటాను. అర్ధసత్యంతో చిక్కేమంటే, దాన్ని ఖండించబోయేవాడు అందులోని సత్యాన్ని కూడా ఖండిస్తున్నట్టు కనిపిస్తాడు.

కనుక ముందు ఆ సత్యమేదో చూద్దాం. గురజాడవారి కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శితమయింది. 1897లో అచ్చయింది. జనం మెచ్చుకున్నారు. అంతటితో ఆయన తృప్తిపడినా కాదనేవారు లేరు. అయినా ఆయన దాన్ని తిరగరాశారు. 1909లో వెలువడిన కూర్పు దాదాపు కొత్త నాటకం. అయిదంకాలు యేడయినాయి, చిన్న పాత్రగా వున్న మధురవాణి నాటకానికే ప్రాణమయింది. తన కొరతను తానే పట్టుకుని పన్నెండేళ్ళకు దిద్దుకున్న రచయిత ఆయన.

1914లో ఆయనే వ్యావహారిక భాష పక్షాన మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాశారు. విశ్వవిద్యాలయం గ్రాంథికాన్నే నిలబెట్టింది. మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూశారు. ఆ వోటమి ఆయనకు యే విజయానికి మెట్టయింది? గిడుగు రామమూర్తిగారు, వారి సహచరులు దాన్ని అక్కడినుంచి అందుకుని పోరాడారు కనుకనే యివాళ మనం యీ భాషలో రాసుకుంటున్నాం. మెట్టు కట్టింది వుద్యమం.

దీన్నిబట్టి నాకు రెండు విషయాలు తోస్తున్నాయి. తప్పునుంచి నేర్చుకోవాలంటే తప్పేమిటో కంటికి కనపడాలి. గురజాడ ప్రతి గురజాడ చేతిలోనే వుంది. దిద్దుకోవటానికి వ్యవధి కావాలి, నిలవనీడ కావాలి. ఆయనకు సంస్థానం ఆదరణ వుంది. యీ రెండూ లేనివాడికి వోటమి మెట్టు కాదు, గొయ్యి.

2019 యేప్రిలులో తెలంగాణా యింటర్మీడియేట్ ఫలితాలు వచ్చినప్పుడు యేం జరిగింది? తెలుగులో సున్నా వచ్చిందన్న ఒక బాలికకు మళ్ళీ చూస్తే 99 మార్కులున్నాయి. ఫలితాల తర్వాత యిరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆందోళన చెలరేగిన తర్వాతగాని ఫెయిలయినవారి పత్రాలను వుచితంగా తిరిగి పరిశీలించటానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. పరిశీలించాక వెయ్యిమందికి పైగా పాసయినారని తేలింది. తప్పు చేసింది యంత్రాంగం. దెబ్బ తిన్నవాళ్ళు పిల్లలు. వోటమినుంచి పాఠం నేర్చుకోమని యెవరికి చెబుదాం? యీ సూక్తిని చనిపోయిన పిల్లల తల్లిదండ్రులముందు చదవగల ధైర్యం యెవరికుంది?

అయితే బాధ్యతంతా సంఘానిదేనా, వ్యక్తికి పనేమీ లేదా అని అడిగేవారున్నారు. వుంది. తన తప్పును తాను చూసుకోవటం చాలా కష్టమయిన పని. ఆ పని మరొకరు చేసిపెట్టలేరు. కాని తనది కాని తప్పును నెత్తిన వేసుకోవటం ఆత్మవిమర్శ అనిపించుకోదు. దానిపేరు లొంగుబాటు. యేది తన తప్పో, యేది తనమీద రుద్దిన తప్పో వేరుచేసి చూడగలగటమే యెదుగుదలకు తొలి అడుగు. వికాసపు వ్యాపారి యీ తేడాను కావాలనే చెరిపేస్తాడు. ప్రతి దెబ్బకూ కారణం నీలోనే వుందని నమ్మిస్తేగాని అతని సరుకు అమ్ముడుపోదు.

వుపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒకటే. యెర్రసిరాతో సున్నా చుట్టటం దిద్దటం కాదు. యెక్కడ దారి తప్పిందో పిల్లవాడి పక్కన కూర్చుని చూపించటమే దిద్దటం. ఒక్కొక్క గదిలో అరవైమందిని కుక్కితే అది సాధ్యమవుతుందా? కాదు. అందుకే గది గురించి, జీతం గురించి, పరీక్ష గురించి చేసే పోరాటం చదువు చెప్పటంలో భాగమే.

విద్యార్థులు అడగవలసింది కూడా వుంది. సూక్తులు మాకు వద్దు. మా జవాబు పత్రం మా చేతికివ్వండి, తప్పెక్కడో చూపండి, మరొకసారి రాయనివ్వండి అని అడగాలి. గురజాడకు పన్నెండేళ్ళ వ్యవధి దొరికింది. మన పిల్లలకు పన్నెండు నెలలయినా భయం లేకుండా దొరకవద్దా?